రెండు వేగాలు కలిసే దారి: గోదావరి డెల్టాలో జాతీయ రహదారి భద్రత

(ప్రత్యేక వ్యాసం)

రాజమహేంద్రవరం: గోదావరి డెల్టాలో రోడ్డు మొదట కాలువ గట్టుగానే పుట్టింది. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ఆరంభమై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు సాగాయి. సాగునీటితో పాటు పడవల రాకపోకలకూ అవే ఆధారమయ్యాయి. ఆ గట్ల మీద ఎద్దుబండ్లు నడిచాయి, గట్ల పక్కన ఊళ్ళు పెరిగాయి. ఊరికీ పొలానికీ, ఊరికీ సంతకూ మధ్య ఉన్న దారే దూర ప్రయాణానికీ దారి అయింది. ఈ అలవాటుకు నూట డెబ్భై ఏళ్ళు పైబడిన వయస్సున్నది. దాని మీదుగా నాలుగు వరుసల జాతీయ రహదారి సాగి మాత్రం పాతికేళ్ళకు అటూ ఇటూగానే అయింది.

1999లో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన స్వర్ణ చతుర్భుజి పథకంలో భాగంగా చెన్నై–కోల్‌కతా రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించడం జరిగింది. అప్పట్లో 5వ నంబరుగా ఉన్న ఈ రహదారి, 2010లో నంబర్ల మార్పు తరువాత 16వ నంబరు అయింది. తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం, రావులపాలెం, జొన్నాడ మీదుగా రెండు గోదావరి పాయలను దాటి రాజమహేంద్రవరం చేరే ఆ పాత మార్గాన్ని ఇప్పుడు 216–ఎ అని వ్యవహరిస్తున్నారు. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు వరకు సుమారు 70 కిలోమీటర్ల కొత్త నాలుగు వరుసల మార్గం అందుబాటులోకి వచ్చింది. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా ఒంగోలు వరకు సాగే 216వ నంబరు రహదారి కోనసీమను తీరం వెంబడి కలుపుతున్నది. దూరం తగ్గింది, సమయం కలిసి వచ్చింది. విశాఖపట్నం నుంచి విజయవాడకు సరుకు ఒక రాత్రిలో చేరుతున్నది. ఈ మేలును కాదనవలసిన పని లేదు.

అయితే రోడ్డు మారినంత వేగంగా ఊరు మారలేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, 20 కిలోమీటర్లతో పోయే ధాన్యం ట్రాక్టరు, సైకిలు మీద పాల క్యాను, డివైడరు దాటుతున్న వృద్ధురాలు, అసలు కదలకుండా ఆగిపోయిన లారీ – అన్నీ ఒకే తారు మీద కలుస్తున్నాయి. ప్రమాదాలకు అతివేగమే మూలమని చెప్పడం పరిపాటి. ఆ మాట నిజమే గాని సగం నిజం. డెల్టా రహదారిపై ప్రాణాలు తీస్తున్నది ముఖ్యంగా రెండు వేగాల మధ్య ఉన్న అంతరం. సురక్షితంగా వాహనం నడపడమంటే ఇక్కడ ఆ అంతరాన్ని ఎప్పటికప్పుడు గుర్తించి తగ్గించుకోవడమే.

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వ శాఖ ప్రచురించిన వివరాల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు సంభవించాయి. 1,68,491 మంది మరణించారు. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా రెండు శాతానికి కాస్త ఎక్కువ. మరణాలలో వాటి వాటా 36 శాతం. ఆ ఒక్క ఏడాదిలో జాతీయ రహదారులపై 61,038 మంది అసువులు బాశారు. ఇక అన్ని రోడ్ల మీదా చనిపోయినవారిలో ద్విచక్ర వాహనాల వారు 44.5 శాతం, పాదచారులు 19.5 శాతం. అంటే ప్రతి ముగ్గురు మృతులలో దాదాపు ఇద్దరు కార్లలోనో బస్సులలోనో ప్రయాణిస్తున్నవారు కారు. పెద్ద రహదారి ఎవరి కోసం వేశారో వారి కంటే, దాని పక్కన బతుకుతున్నవారే ఎక్కువగా బలి అవుతున్నారనడానికి ఈ అంకెలు చాలు.

చీకటిలో ఆగిన లారీ

గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ముందున్న అడ్డంకి కంటబడి, మెదడుకు అంది, కాలు బ్రేకు మీదకు చేరడానికి మెలకువగా ఉన్న డ్రైవరుకైనా సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ లోపు కారు 42 మీటర్లు ముందుకు పోతుంది. ఆపైన, పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి మరో 55 మీటర్లు కావాలి. మొత్తం దగ్గర దగ్గర 100 మీటర్లు. రోడ్డు తడిగా ఉంటే ఇది 140 మీటర్ల దాకా పెరుగుతుంది. అదే 60 కిలోమీటర్ల వేగమైతే పొడి రోడ్డుపై 45 మీటర్లలో ఆగవచ్చును. వేగం తగ్గింది సగం కూడా కాదు, ఆగే దూరం మాత్రం సగానికి పైగా తగ్గింది.

రాత్రివేళ డిమ్ లైటులో డ్రైవరుకు స్పష్టంగా కనిపించేది 40, 50 మీటర్లే. అనగా 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న వ్యక్తి తాను చూడగలిగిన దూరంలో ఆగలేడు. టైరు పంక్చరై, వెనుక లైట్లు లేకుండా, రేడియం స్టిక్కర్లు మట్టి కొట్టుకుపోయిన లారీ ఎడమ వరుసలో నిలిచి ఉంటే, అది కంటబడిన తరువాత అతనికి మిగిలేది రెండు సెకన్లకు లోపే. బ్రేకులు ఎంత కొత్తవైనా ఈ లెక్క మారదు. 2012 నవంబరు 2 వేకువజామున శ్రీకాకుళం జిల్లా రణస్థలం సమీపంలో ఇదే చెన్నై–కోల్‌కతా రహదారిపై మాజీ కేంద్రమంత్రి కింజరాపు ఎర్రన్నాయుడు ప్రయాణిస్తున్న కారు ఆయిల్ ట్యాంకరును ఢీకొనడంతో ఆయన మరణించిన విషయం విదితమే.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 122వ సెక్షను ఇతరులకు ప్రమాదం కలిగించే రీతిలో వాహనాన్ని రోడ్డుపై విడిచిపెట్టడాన్ని నిషేధిస్తున్నది. వాహనం చెడిపోవడం ఎవరి చేతిలోనూ ఉండదు. కాని దానిని వీలైనంత మేర మట్టి అంచుకు దించడం, నాలుగు ఇండికేటర్లూ వెలిగించడం, ఎర్ర త్రికోణాన్ని వెనుక దూరంగా నిలపడం క్లీనరు అయిదు నిమిషాలలో చేయగలిగిన పని. డెల్టాలో నేటికీ చాలాచోట్ల త్రికోణానికి బదులు వేపమండలు, రాళ్ళు పెట్టడం కనిపిస్తుంది. పగలు అవి ఎంతో కొంత హెచ్చరిక. రాత్రి అవే మరో ప్రమాదం. మరమ్మతు పూర్తయ్యాక లారీ వెళ్ళిపోతుంది, రాళ్ళు మాత్రం తరువాత వచ్చే మోటారు సైకిలు కోసం అక్కడే ఉంటాయి.

కడియపులంక, వేమగిరి ప్రాంతపు నర్సరీల వద్ద, రావులపాలెం అరటి మార్కెట్టు పరిసరాలలో, రహదారి వెంబడి కొబ్బరి బొండాల దుకాణాల ఎదుట వాహనాలు హఠాత్తుగా వేగం తగ్గించి పక్కకు ఆగడం రోజూ ఉండేదే. మొక్కలు కొనడానికి వచ్చిన కుటుంబం ఎక్కడ ఆగాలో తేల్చుకోలేక రోడ్డు మీదనే నెమ్మదిస్తుంది. చేపల, రొయ్యల లారీల నుంచి కారే ఐసు నీరు మరో సమస్య. భీమవరం, ఆకివీడు ప్రాంతాల నుంచి బయలుదేరే ఈ లారీల వెనుక తారు తడిసి జారుడుగా మారుతుంది. ద్విచక్ర వాహనదారులు ఆ జాడలో పోకుండా పక్క వరుసకు తప్పుకోవడం, సాధ్యం కాకుంటే వేగం బాగా తగ్గించడం శ్రేయస్కరం.

ఏడు మీటర్ల దూరం

నాలుగు వరుసల రహదారిలో ఒక వైపు రెండు వరుసల వెడల్పు ఏడు మీటర్లు. మామూలు నడకతో దానిని దాటడానికి ఆరు సెకన్లు, కాళ్ళ నొప్పులున్న వృద్ధులకు తొమ్మిది సెకన్ల వరకు పట్టవచ్చును. 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆరు సెకన్లలో దాదాపు 170 మీటర్లు, తొమ్మిది సెకన్లలో 250 మీటర్లు వస్తుంది. రోడ్డు దాటేవారు పావు కిలోమీటరు దూరంలోని కారు వేగాన్ని కంటితో అంచనా వేయవలసి వస్తున్నదన్నమాట. జీవితమంతా ఎద్దుబండ్లనూ బస్సులనూ చూసిన కంటికి ఇది సాధ్యమయ్యే పని కాదు. వారు అంచనా తప్పుతారని ముందే ఊహించి ఊరి పొలిమేరలోనే యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయవలసిన బాధ్యత వాహనం నడిపేవారిపై ఎక్కువగా ఉన్నది.

రాంగ్ రూటు సమస్యకూ ఇదే మూలం. ఇల్లు ఒక పక్క, చేను మరో పక్క ఉన్న రైతుకు డివైడరులో దారి కిలోమీటరో, రెండు కిలోమీటర్లో అవతల ఉంటుంది. అంత దూరం పోయి తిరిగి రావడం కంటే అంచు వెంబడి రెండు వందల మీటర్లు ఎదురు వెళ్ళడం అతనికి తేలికగా తోస్తుంది. పగటి పూట అలా వంద సార్లు క్షేమంగా వెళ్ళివచ్చిన అనుభవమే అతనిని ఒకనాటి రాత్రి కూడా అదే దారిన పంపుతుంది. ఎదురెదురుగా వచ్చే వాహనాల వేగాలు కలుస్తాయి: 40తో వచ్చే మోపెడ్డు, 100తో వచ్చే కారు తలపడితే ఆ దెబ్బ 140ది. జరిమానాలు విధించడం అవసరమే. అయితే ఒకేచోట ప్రతిరోజూ పదుల మంది రాంగ్ రూటులో పోతున్నారంటే అక్కడ మనుషులతో పాటు రోడ్డును కూడా పరిశీలించవలసి ఉంటుంది. సర్వీసు రోడ్డు మధ్యలోనే తెగిపోయిందా, అండర్‌పాసులో వర్షపు నీరు నిలుస్తున్నదా, ఆటోలు ఎక్కడ ఆగుతున్నాయి అన్నవి స్థానిక పంచాయతీలకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. ఈ వివరాలను కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ దృష్టికి తీసుకువెళ్ళడం వారు చేయగల మేలైన పని.

కేంద్ర మంత్రిత్వ శాఖ నిర్వచనం ప్రకారం, జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్ళ వ్యవధిలో మరణాలు లేదా తీవ్ర గాయాలతో కూడిన ప్రమాదాలు అయిదు జరిగినా, మొత్తం పది మరణాలు సంభవించినా ఆ చోటును బ్లాక్ స్పాట్‌గా పరిగణిస్తారు. గుర్తింపు వచ్చాక సరిదిద్దే పనులు చేపడతారు. పద్ధతి మంచిదే. కాని ఆ గుర్తింపు దక్కడానికి ముందుగా రక్తం చిందవలసి ఉన్నది. ఒక మలుపు ప్రమాదకరమని ఊరందరికీ తెలిసి ఉన్నప్పుడు లెక్క పూర్తయ్యే దాకా వేచి చూడనవసరం లేదు.

కోతల రోజులు, పొగమంచు రాత్రులు

డెల్టా రహదారికి రెండు ప్రత్యేక కాలాలున్నాయి. నవంబరు, డిసెంబరులలో సార్వా కోతలు, ఏప్రిల్ ప్రాంతంలో దాళ్వా కోతలు. ఒకప్పుడు పంటను కోసి, పనలు ఆరనిచ్చి, కుప్ప వేసి, తీరిక చూసుకొని నూర్చేవారు. యంత్రాలు వచ్చిన తరువాత ఊరి పంటంతా కొద్ది రోజులలోనే తడిగా చేతికి వస్తున్నది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించరాదు. చుట్టూ చేలు, కాలువలు, చెమ్మ నేల. ఆ తరుణంలో రైతుకు కనిపించే పొడి, చదునైన, ఎండ కాసే జాగా ఒక్కటే, అది తారు రోడ్డు. అందుకే సర్వీసు రోడ్లపైనా, కొన్నిచోట్ల ప్రధాన రహదారి అంచుల్లోనూ ధాన్యం ఆరబోత కనిపిస్తుంది. చుట్టూ అడ్డుగా రాళ్ళు, రాత్రి కప్పడానికి బరకాలు, కాపలాకు రైతు అక్కడే పడక.

ఇందులోని ప్రమాదం రైతుకు తెలియదనుకోవడం పొరపాటు. ఏడాది శ్రమ వాన పాలవుతుందన్న భయం ముందు ఆ ప్రమాదం చిన్నదిగా కనబడుతుంది. ఊరికి సరిపడా కల్లాలు, మిల్లుల వద్ద డ్రయ్యర్లు అందుబాటులోకి రావడమే దీనికి నికరమైన పరిష్కారం. అంతవరకు కనీసం వాహనాలు వేగంగా పోయే ప్రధాన వరుసలను విడిచిపెట్టడం, రాళ్ళకు బదులు ఖాళీ గోనె సంచులను వాడడం, సాయంత్రానికి ధాన్యాన్ని పోగు చేసి రోడ్డు దించడం, ఎట్టి పరిస్థితులలోనూ తారుపై నిద్రించకపోవడం ప్రాణరక్షణకు తప్పనిసరి. చిమ్మిన వడ్ల మీద ద్విచక్ర వాహనపు టైరు ఇసుక మీద వలెనే జారుతుంది. బ్రేకు నొక్కితే మరింత జారుతుంది. కోతల నెలల్లో ఈ దారిన పోయేవారు మలుపు అవతల ధాన్యం ఉన్నదనే భావించి నడపాలి.

సంక్రాంతికి ముందరి నాలుగు రోజులు వేరు కథ. హైదరాబాదు నుంచి సాయంత్రం కార్యాలయాలు ముగిశాక బయలుదేరిన కార్లు విజయవాడ దాటి, నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణంలో చివరి భాగానికి, అంటే గుండుగొలను, దేవరపల్లి పరిసరాలకు, తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు చేరుతాయి. మనిషి శరీరానికి నిద్ర మిక్కిలి బలంగా వచ్చే వేళ అది. పొగమంచు దట్టంగా కమ్మే వేళ కూడా అదే. పూలు, పాలు, కూరగాయలతో సైకిళ్ళు, మోపెడ్లు రోడ్డెక్కే వేళ కూడా అదే. ఇల్లు దగ్గరపడిందన్న తొందర వీటన్నింటికీ తోడవుతుంది. మూడు సెకన్ల కునుకులో కారు 80 మీటర్లకు పైగా డ్రైవరు లేకుండా ప్రయాణిస్తుంది. కిటికీ అద్దం దించడం, పాటలు పెట్టడం, టీ తాగడం నిద్రను కాసేపు వాయిదా వేస్తాయి తప్ప తీర్చవు. టోల్‌ప్లాజా దగ్గరో, పెట్రోలు బంకులోనో వాహనాన్ని భద్రంగా నిలిపి ఇరవై నిమిషాలు నిద్రించడమే దానికి మందు. వీలైతే రాత్రి బయలుదేరకుండా వేకువన బయలుదేరడం అన్నిటికంటే ఉత్తమం. భోగి మంటకు రెండు గంటలు ఆలస్యమైతే ఏ అత్తవారూ తప్పు పట్టరు.

పొగమంచులో హైబీము వేస్తే వెలుగు మంచుకు తగిలి తిరిగి కళ్ళలోనే పడుతుంది, దారి ఇంకా కనిపించదు. డిమ్ లైటుతో, ఎడమ అంచు తెల్లగీతను ఆనవాలుగా చేసుకొని, కనిపించే దూరంలో ఆగగల వేగంతో మాత్రమే సాగాలి. నడుస్తున్న వాహనానికి నాలుగు ఇండికేటర్లు వేయడం మరో దురలవాటు. వెనుక వచ్చేవారికి అది ఆగిన వాహనమో, మలుపు తిరుగుతున్నదో, ముందుకు పోతున్నదో అర్థం కాదు.

ఎక్కకూడని బండి, పెట్టుకోవలసిన బెల్టు

2015 జూన్‌లో తిరుపతి యాత్ర ముగించుకొని విశాఖపట్నం జిల్లాకు తిరిగి వెళ్తున్న యాత్రికుల వాహనం రాత్రివేళ ధవళేశ్వరం బ్యారేజి పైనుంచి కింద పడి 22 మంది మరణించారు. ఒక బాలుడు బతికి బయటపడ్డాడు. ఒక్క వాహనంలో అంతమంది ఉండటమే ఆ విషాదాన్ని అంత పెద్దది చేసింది. 2024 సెప్టెంబరులో దేవరపల్లి మండలంలో జీడిగింజల బస్తాల మినీ లారీ బోల్తా పడగా, దానిపై ప్రయాణిస్తున్న కూలీలలో ఏడుగురు బస్తాల కింద నలిగి మృతి చెందారు. పని ముగిసిన కూలీకి ఇంటికి చేరడానికి సరుకు బండి తప్ప మరొకటి లేనప్పుడు ఎక్కవద్దని చెప్పడం తేలిక, పాటించడం కష్టం. కూలీలను పనికి పిలిచేవారు వారి రాకపోకలకు ప్రయాణికుల వాహనాన్ని ఏర్పాటు చేయడాన్ని కూలి లెక్కలో భాగంగానే భావించాలి.

2022లో హెల్మెట్ లేని కారణంగా దేశంలో 50,029 మంది ద్విచక్ర వాహన ప్రయాణికులు మరణించారు. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. సీటు బెల్టు పెట్టుకోక మరణించిన 16,715 మందిలో 8,331 మంది డ్రైవర్లు కారు, ఇతర ప్రయాణికులు. హెల్మెట్, బెల్టు నడిపేవారికే అన్న అపోహ ఎంత బలంగా ఉన్నదో దీనివల్ల తెలుస్తున్నది.

కాలువల సీమలో మరో అపోహ ఉన్నది. కారు కాలువలో పడితే బెల్టు వల్ల బయటపడలేమని పలువురు నమ్ముతారు. వాస్తవం దీనికి విరుద్ధం. గట్టు దిగి నీటిని తాకే దెబ్బకు బెల్టు లేనివారి తల అద్దానికో, స్టీరింగుకో కొట్టుకొని స్పృహ తప్పుతుంది. స్పృహలో ఉన్నవారికే బయటపడే అవకాశం. నీటిలో పడిన కారు కొద్ది క్షణాలు తేలుతుంది. ఆ వ్యవధిలోనే బెల్టు విప్పుకొని, పక్క అద్దాన్ని దించి కిటికీ గుండా వెలుపలికి రావాలి. పిల్లలను ముందుగా పంపాలి. తలుపు తెరవడానికి పెనుగులాడితే నీటి ఒత్తిడి వల్ల అది తెరుచుకోదు, సమయం మాత్రం గడిచిపోతుంది. జాతీయ రహదారి దిగి కోనసీమలోనో, పశ్చిమ డెల్టాలోనో స్వగ్రామానికి కాలువ గట్టు మీదుగా పోయే చివరి అయిదారు కిలోమీటర్లకు బెల్టు తీసివేసేవారు ఈ సంగతిని గమనించవలసి ఉన్నది.

ఖమ్మం నుంచి దేవరపల్లి వరకు సుమారు 162 కిలోమీటర్ల మేర చేపట్టిన గ్రీన్‌ఫీల్డ్ రహదారి స్వభావం వేరు. నిర్ణీత ప్రదేశాలలో తప్ప ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికీ దిగడానికీ వీలు లేని రీతిలో దానిని రూపొందించారు. డెల్టా ముంగిటికి వచ్చిన ఈ తరహా దారిపై అడ్డు వచ్చేవారు తక్కువ, మార్పులేని దారి వల్ల కునుకు పట్టడం ఎక్కువ. అన్నిటినీ మించి, దేవరపల్లి వద్ద దానిని దిగిన డ్రైవరు కన్ను అధిక వేగానికి అలవాటు పడి ఉంటుంది. 80 కిలోమీటర్ల వేగం కూడా అతనికి నడకలా తోస్తుంది. ఆ స్థితిలో ట్రాక్టర్లు, సైకిళ్ళు ఉన్న పాత దారిలోకి ప్రవేశించేవారు స్పీడోమీటరును చూసి నడపాలే గాని తమ అంచనాను నమ్మరాదు.

ప్రమాదం జరిగిన తరువాత మొదటి గంట అత్యంత కీలకం. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ గ్రామీణులకు సుపరిచితం. జాతీయ రహదారులపై 1033 నంబరుకు కూడా ఫోను చేయవచ్చును. చెప్పేటప్పుడు రోడ్డు అంచున ఉండే కిలోమీటరు రాయిపై అంకెను, వాహనాలు ఏ వైపు పోయే వరుసలో ప్రమాదం జరిగిందో తెలిపితే అంబులెన్సు డివైడరుకు అవతలి పక్కకు చేరి కాలం వృథా కాకుండా ఉంటుంది. 2025 మే నెలలో అమలులోకి వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షా యాభై వేల రూపాయల మేరకు నగదు రహిత వైద్యం లభిస్తుంది.

పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయంతో గాయపడినవారిని చూస్తూ కూడా ఆగకుండా పోయేవారు ఇంకా ఉన్నారు. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134–ఎ సెక్షను అలాంటివారికి రక్షణ కల్పిస్తున్నాయి. సదుద్దేశంతో సాయపడిన వ్యక్తిపై సివిలు గాని క్రిమినలు గాని బాధ్యత మోపరాదు. అతని పేరు, చిరునామా చెప్పమని ఆసుపత్రి గాని పోలీసులు గాని బలవంతం చేయరాదు. క్షతగాత్రుని ఆసుపత్రిలో అప్పగించి వెంటనే తన దారిన తాను వెళ్ళిపోవచ్చును.